పరగడుపు మాత్ర

తనకోసం కుట్టుకున్న మూడో నైటీ కూడా నేలను ఊడుస్తోంది. వాడకట్టందరికీ కొలత తప్పని దర్జీకి సొంత ఒంటి మీదే తప్పుతోంది. పెళ్లయిన కొత్తలో రాసిపెట్టుకున్న కొలతలే ఇప్పటికీ వాడుతుంది. తన ఒంటికి టేపు పట్టుకునే తీరిక ఆమెకి ఎప్పుడు చిక్కింది గనక. "నీకు చత్వారం వచ్చింది" అన్నాడు భర్త, పేపరు దించకుండానే. ఆమె మాత్రం తప్పు టేపుదే అనుకుంది. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుందని దర్జీలందరికీ తెలుసు. కొత్తది కొనుక్కొచ్చింది.

కొత్త టేపుతో కుట్టినదీ అంతే. అప్పుడుగానీ గోడకి ఆనుకుని నిలబడి, నెత్తి దగ్గర సుద్దగీత గీసి, తనని తాను కొలుచుకోలేదు. వెనకటి కంటే ఒకటిన్నర అంగుళం తక్కువ. అమ్మ కూడా ఇలాగే ఏటికేడు కుంచించుకుపోతుంటే అందరూ పెద్దతనం అన్నారు. కాలు జారి తుంటి విరిగాక అమ్మ మళ్లీ లేవలేదు.

డాక్టరమ్మ ఎముకల పరీక్ష చేయించింది. ఎముకలు బాగా పలచబడ్డాయట, వెన్నులో ఒక పూస ఎప్పుడో నలిగిపోయిందట. పోయినేడు తడిబట్టల బకెట్టు ఎత్తినప్పుడు నడుం కలుక్కుమంది. కూర్చుని కుట్టేదానికి నడుంనొప్పేమిటని ఆయన నవ్వితే, తనూ నవ్వేసి వడ్డనకి లేచింది. నెలసరి ఎప్పుడు ఆగిందని అడిగింది డాక్టరమ్మ. నలభై రెండుకే. ఎండ తగులుతుందా అంటే, మిషను ఉన్నది కిటికీ లేని గదిలో. పాలు తాగుతారా అంటే ఆమెకి నవ్వొచ్చింది. ఆ ఇంట్లో పాలు ఆయనకో గ్లాసు, పిల్లలకో గ్లాసు, మిగిలింది టీకి. ఆమె వంతుకి వచ్చేది గిన్నె కడగడం. నడక ఉందా అంటే, ఇంత గొడ్డుచాకిరీ చేసేదాన్ని, ఎముకలకి ఇంకేం పని కావాలని ఎదురడిగింది.

"చాకిరీ వేరు, నడక వేరమ్మా. రోజూ అరగంట ఎండలో నడవండి. బరువులెత్తకండి. పాలు, పెరుగు, ఆకుకూర మీరూ తినండి."

మాత్ర కూడా రాసింది. పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో వేసుకుని, అరగంటపాటు ఏమీ తినకుండా, పడుకోకుండా, వంగకుండా ఉండాలి.

ఇంట్లో చెబితే ఆయన కాసేపు ఆలోచించాడు. "పడుకోకూడదు, అంతేగా. వంట నిలబడే కదా చేసేది" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, మంచి ఉపాయం చెప్పాననే అనుకున్నాడు. ఆమెకి మాత్రం ఒళ్లు మండింది.

"నడవాలి, బయట" అంది.

మర్నాడు చెప్పులేసుకుని బయల్దేరింది. వీపున ఎండ, పక్కన ఎవరూ లేరు, ఏమేవ్ అని పిలిచే గొంతు లేదు. ఎదురొచ్చినవాళ్ల చొక్కాల కుట్టుకి మనసులోనే వంకలు పెడుతూ వీధి చివరిదాకా వెళ్లింది. ఎన్నేళ్లకో ప్రాణం హాయిగా ఉంది. తిరిగొచ్చేసరికి ఆయన టీ మరగకాచి పెట్టాడు. నెల తిరిగేసరికి బకెట్టు ఆయనే మోస్తున్నాడు, ఆమె గ్లాసు పాలు ముందే పక్కన పెడుతున్నారు. నడక సరదా అంటే సాగనిచ్చేవాళ్లు కాదేమో గానీ, మందు అంటే ఆ ఇంట్లో మహా భక్తి. రోజూ ఆయనే తలుపు తీసి, "మాత్ర వేసుకున్నావుగా, అరగంట అయ్యేదాకా రాకు" అని పంపిస్తాడు.

ఆమె బుద్ధిగా తలూపి గడప దాటుతుంది. ఆ మాత్ర వారానికి ఒక్కటేనన్న సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.