ఆడవాళ్ళ పేజీలో పట్టని వార్త

మా ఆయన క్లైడ్ చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే మా అత్తగారు వెనక నుంచి, "యుద్ధం చూసొచ్చావు గానీ కాలరు ముడత తీయడం మాత్రం రాలేదు నీకు," అంది. ఆవిడ ఇలాంటివి నవ్వుతూనే అంటుంది. ఆ పొద్దునే న్యూయార్క్ నుంచి ఒక వార్తాసంస్థ వాళ్ళు ఫోన్ చేశారు, కొరియాలో యుద్ధం మొదలైంది, వెళ్తావా అని. నేను నోరు తెరవక ముందే క్లైడ్ అందుకున్నాడు. "ఒకసారి వెళ్ళొచ్చావుగా, ఇంకా సరదా తీరలేదా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఇంట్లో వంటెవరు చేస్తారు?"

సరదా అట! రెండో ప్రపంచ యుద్ధంలో నేను వెళ్ళిన ఇటలీలో ఆడ విలేఖరి నర్సుల డేరా దాటి అడుగు ముందుకు వేయకూడదు, అది సైన్యం రూలు. మగవాళ్ళు ముందుకెళ్ళి, సైన్యం గెల్చుకున్న కొండల గురించి రాసేవారు. ఆ కొండల మీంచి మోసుకొచ్చిన కుర్ర సైనికుల మంచాల పక్కన నేను కూర్చునేదాన్ని. పేరేంటి, ఏ వీధి, ఇంట్లో ఎవరున్నారు అని అడిగేదాన్ని. మా అయోవా పత్రికలకి వీధి పేరు లేకపోతే అది వార్తే కాదు.

లాదిస్లావ్ కుబిచెక్ అలాగే కనిపించాడు. మా ఊరు సీడార్ రాపిడ్స్‌లో మా ఇంటికి దగ్గర్లోనే, చెక్ దేశం నుంచి వచ్చినవాళ్ళ పేట వాడు. తొడకి దెబ్బ. డబ్బాలోంచి పీచ్ ముక్కలు వేళ్ళతో తీసుకు తింటూ నవ్వాడు. అది రాసి పంపాను. రెండు రోజులకి ఒళ్ళంతా విషమెక్కి పోయాడు. అదీ రాసి పంపాను. సైన్యం సెన్సారు దగ్గర మగవాళ్ళ వార్తలన్నీ అయ్యాకే నావి చూసేవారు. అందుకని వాళ్ళమ్మకి ముందు కొడుకు పోయాడన్న టెలిగ్రాం అందింది, ఆ తర్వాత పేపర్లో నవ్వుతున్న కొడుకు కనిపించాడు. రెండో వార్త అచ్చే కాలేదు. అప్పుడు ఆ పేపర్లో వార్తలు దిద్దింది క్లైడే. "ఆడవాళ్ళ పేజీలో చావులేంటి విన్నీ, పక్కన కేకు తయారీ పెట్టుకుని?" అన్నాడు నేను తిరిగొచ్చాక. అది విని కూడా అతన్ని పెళ్ళి చేసుకున్నాను. అప్పటికి బాగా అలిసిపోయి ఉన్నాను.

వాళ్ళమ్మ వ్లాస్తా టెలిగ్రాంని నమ్మలేదు, పేపర్ని నమ్మింది. ఎవరి బిడ్డనో పూడ్చిపెట్టి తన బిడ్డ పేరు రాశారని ఆమె గట్టి నమ్మకం. ప్రతి గురువారం గసగసాల రొట్టెలు పట్టుకొచ్చి, "ఆ పీచ్ పళ్ళ సంగతి మళ్ళీ చెప్పు తల్లీ," అంటుంది. "నిజం చెప్పకు, ఆశ మీద బతుకుతోంది పాపం," అంటాడు క్లైడ్. ఆరేళ్ళుగా చెప్పిందే చెబుతున్నాను. నా నోరు కూడా ఆడవాళ్ళ పేజీ అయిపోయింది.

ఆ సాయంత్రం ఆమె వస్తూనే, "వాడి గదికి నీలం కర్టెన్లు కుట్టాను. వచ్చేసరికి గది బాగుండాలిగా," అంది.

ఇక నావల్ల కాలేదు. "వ్లాస్తా గారూ, కూర్చోండి," అన్నాను. "మీవాడు పోయాడు. నా కళ్ళ ముందే పోయాడు."

ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. "నన్ను అడిగాడా?"

"అడిగాడు. మీ భాషలో. అమ్మ అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది. జ్వరంలో నన్నే మీరనుకున్నాడు."

"మరి నువ్వేమన్నావు?"

"ఇక్కడే ఉన్నాను నాన్నా అన్నాను."

ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆరేళ్ళలో ఆమె ఏడవగా నేను చూడలేదు. ఆరేళ్ళ తర్వాత, మా వంటింట్లో, లాదిస్లావ్ చనిపోయాడు.

ఏడుపు విని క్లైడ్ వచ్చాడు. "చూశావా ఏం చేశావో! కొడుకుని చంపేశావు కదే ఆవిడకి!"

వ్లాస్తా తలెత్తింది. "నువ్వూరుకో బాబూ. నా బిడ్డ దిక్కూమొక్కూ లేకుండా ఎక్కడ తిరుగుతున్నాడో అని రోజూ చచ్చేదాన్ని. ఆఖరి ఘడియలో వాడి పక్కన మనిషుందని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు."

నాకూ కన్నీళ్ళాగలేదు. అలాగే లేచి వెళ్ళి, ఎక్స్‌ఛేంజి వాళ్ళని న్యూయార్క్‌కి ఫోన్ కలపమన్నాను.

"ఇప్పుడెవరికి ఫోను?" అన్నాడు క్లైడ్.

"నేను కొరియా వెళ్తున్నాను. ఇక నా వార్తలు నీ బల్ల మీదికి రావు."