కింద పడుకుని చూడని బండి

స్టాండ్ల మీద లేపిన జీపు కింద వెల్లకిలా పడుకుని పర్లేదు మేస్త్రీ కుదుపులు మింగే కమాను బోల్టు బిగిస్తున్నాడు. స్పానరుకు పైపుముక్క తొడిగి, ఎడమ మడమను చక్రానికి అదిమిపెట్టి, పళ్లబిగువున ఒక్క లాగు లాగాడు. బోల్టు కిర్రుమని లొంగింది. తుప్పు పొడి రాలి కనురెప్పల మీద పడితే ఉఫ్‌మని ఊదుకుని మరో లాగు లాగాడు. వీపు కింద పరుచుకున్న అట్ట నూనె పీల్చి పీల్చి మెత్తబడిపోయింది. యాభై దాటిన ఆ ఒంట్లో ఎదురు మాట్లాడేది నడుము ఒక్కటే, దాని మాట అతను వినడు.

ఎవరేమడిగినా "పర్లేదు" అంటాడని షెడ్డులో ఆ పేరు స్థిరపడింది. బ్రేకులెలా ఉన్నాయి అంటే పర్లేదు. అన్నం తిన్నావా అంటే పర్లేదు. ఒకసారి జాకీ జారి బొటనవేలు నుజ్జయితే ఆస్పత్రికి తీసుకెళ్తూ "నొప్పిగా ఉందా?" అని యజమాని అడిగాడు, అప్పుడూ అదే మాట. మనిషికి నోట్లో నాలుక లేదని యజమాని అందరికీ చెబుతుంటాడు, జీతం పెంచమని అడగనందుకు లోలోపల సంతోషిస్తుంటాడు.

అది జీపుల ఎత్తు పెంచే షెడ్డు. ఆదివారాలు కొండలూ వాగులూ ఎక్కిదిగే సరదా ఉన్నవాళ్లు అక్కడికి వస్తారు. డబ్బున్నవాళ్ల సామాను అట్టపెట్టెల్లో ఎక్కడెక్కడినుంచో వచ్చి దిగుతుంది. లేనివాళ్లకు పర్లేదు మేస్త్రీ ఉన్నాడు. పాత ఇనుము బజారులో పొద్దుగూకేదాకా తిరిగి పనికొచ్చే ముక్కలు ఏరుకొచ్చి, కోసి, అతికి, రంగు పూసి ఇస్తాడు. కొండ దిగివచ్చాక వాళ్లు ఫోనులో ఫొటోలు చూపిస్తారు. అతను ఫొటోలో కొండను చూడడు, చక్రం పక్కకు ఒరిగినప్పుడు కమాను ఎంత సాగిందో చూస్తాడు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఏ బండిలోనూ అతను ఆ కొండెక్కలేదు, రమ్మని పిలిచినవాళ్లూ లేరు.

ఇప్పుడు పిలిచినవాడు బావమరిది. ఈ జీపు వాడిదే.

బావమరిది బడి వ్యాను నడుపుతాడు. తల్లి పోయాక అక్క దగ్గరే పెరిగాడు. బావ వేలు పట్టుకుని బడికెళ్లాడు, బావ సైకిలు మీదే తొక్కడం నేర్చుకున్నాడు, మొదటి జీతంతో బావకు చెప్పులు కొన్నాడు. పెద్దయ్యాక కూడా వాడికి బావంటే అదే గురి. షెడ్డులో మేస్త్రీ మాటకు ఏ విలువా లేదని వాడికి తెలియదు. "మా బావ చెవి పెట్టి విన్నాడంటే ఇంజను రోగం చెప్పేస్తాడు" అని వ్యాన్ల డ్రైవర్లందరికీ చెప్పి పెట్టాడు. లోకంలో తన్ను గొప్పవాడనుకునే మనిషి ఒక్కడే ఉన్నాడని మేస్త్రీకి తెలుసు. వాడి ముందు మాత్రం కాస్త ఛాతీ విరుచుకుని నడిచేవాడు.

కొన్నాళ్లుగా షెడ్డు పని అయ్యాక ఈ జీపు మీదే కూర్చుంటున్నాడు. లారీ కమాన్లలోంచి మంచి పట్టీలు ఏరి, కోసి, ఒక్కో చక్రానికి ఒక్కోటి చేర్చి బండిని నాలుగు వేళ్ల ఎత్తు లేపాడు. బండి లేస్తే పాత బ్రేకు గొట్టాలు చాలవు, కొండమీద చక్రం కిందికి వేలాడినప్పుడు పుటుక్కున తెగుతాయి. అందుకని పొడుగువి వేశాడు. లోతైన గాడులున్న పాత టైర్లు నాలుగు సంపాదించాడు. నీళ్లలో దిగినా ఇంజనుకు గాలి ఆడాలని స్నానాలగదికి వేసే పైపొకటి కొని, నల్లరంగు కొట్టి, బానెట్ పక్కనుంచి పైకప్పుదాకా నిలబెట్టాడు. అది చూసి యజమాని, "చివర్న షవరు కూడా పెట్టవయ్యా, కొండమీద స్నానం చెయ్యొచ్చు" అన్నాడు. మేస్త్రీ కూడా నవ్వాడు.

రేపే జీపుల బృందంతో కొండ ప్రయాణం, అందుకని ఇవాళ పొద్దున్నే మొదలుపెట్టాడు. మిగిలింది ముందు హౌసింగ్‌లో ఆయిలు మార్చడం ఒక్కటే. ముందు చక్రాల మధ్య ఉబ్బెత్తుగా ఉండే ఇనుప గుండు అది. ఇంజను బలం షాఫ్టు గుండా అందులోకి వచ్చి, లోపలి పళ్లచక్రం మీదుగా ముందు చక్రాలకు పోతుంది. అది పనిచేస్తేనే నాలుగు చక్రాల బండి, లేకపోతే వెనక చక్రాలతో ఈడ్చుకుపోయే మామూలు బండి. మేస్త్రీ అడుగు బోల్టు విప్పి కింద డబ్బా పెట్టాడు. ఆయిలు రాలేదు. ఎర్రటి తుప్పునీళ్లు నాలుగు చుక్కలు రాలాయి.

మూత విప్పి చెయ్యి లోపల పెట్టాడు. అడ్డు తగలాల్సిన చోట ఏమీ తగల్లేదు. వేళ్లు చుట్టూ తిప్పాడు. మణికట్టు దాకా పోనిచ్చాడు. పెద్ద పళ్లచక్రం ఎవరో ఎప్పుడో తీసి అమ్ముకున్నారు, మూత బిగించి పైన పచ్చరంగు కొట్టేశారు. షాఫ్టు తిరుగుతుంది, అది తిప్పడానికి లోపల ఏమీ లేదు.

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. చెయ్యి అందులోనే ఉంచి చాలాసేపు కదలకుండా పడుకున్నాడు.

మోసపోవడం వింత కాదు, ఈ వ్యాపారంలో రోజూ జరిగేదే. మోసపోయిన తీరు తలుచుకుంటే ఒళ్లు చచ్చిపోతోంది. బావమరిది దగ్గరున్న డబ్బుకు రెండు బళ్లు అందుబాటులోకి వచ్చాయి. మొదటిది ఇటుకల బట్టీ దగ్గరిది. తలుపుల్లేవు, రంగు వెలిసింది, సీట్లలోంచి పీచు బయటికొచ్చింది. మేస్త్రీ పనిబట్టల్లోనే వెళ్లి దాని కింద దూరి అంతా తడిమి చూశాడు. లోపల ఎక్కడా వంక పెట్టడానికి లేదు. "పర్లేదు, ఇంకోటి కూడా చూద్దాం" అన్నాడు.

రెండోదాన్ని చూడ్డానికి వెళ్లిన రోజు ఆదివారం. భార్య తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఆ అమ్మేవాళ్లది మేడ, వాకిట్లో పూలకుండీలు, వాటి పక్కన మిలమిలలాడే పచ్చ జీపు. ఇంటాయన "రండి సార్" అని కుర్చీ వేయించాడు. ట్రేలో గ్లాసులు వచ్చాయి. "సార్ ఏం చేస్తుంటారు?" అని అడిగితే బావమరిది, "బళ్లల్లో మా బావకు తెలియందిలేదండీ" అన్నాడు. మేస్త్రీని ఎవరైనా సార్ అని, కుర్చీ వేసి, గ్లాసు చేతికిచ్చింది అదే మొదలు. చక్రాలు గాల్లోకి లేపి కింద పడుకుంటే అంతా బయటపడేది, ఆ పని అయ్యేలోపు గ్లాసులో ఐసుముక్క కూడా కరిగేది కాదు. కానీ ఆ వాకిట్లో, ఆయన ముందు, తెల్లచొక్కాతో నేలమీద పొర్లాలంటే అతనికి మనసు రాలేదు. బానెట్ మీద వేళ్లతో తట్టాడు. ఇంజను విన్నాడు. ముందు చక్రాలను కలిపే లివర్ అటూ ఇటూ కదిపి, పెద్దమనిషిలా తలూపి "పర్లేదు" అన్నాడు. బతుకంతా బళ్ల కింద పడుకున్నవాడు ఆ ఒక్కరోజే పడుకోలేదు.

ఆ పాత మోడల్ పళ్లచక్రం దొరకడం గగనం. దొరికినా సగం బండి ధర చెబుతారు, రేపటిలోగా మాత్రం దొరకదు. ఇదంతా చెప్పాలంటే చొక్కా సంగతి చెప్పాలి. మేస్త్రీ మూత తుడిచి, జిగురు పూసి, బోల్టులన్నీ వరసగా బిగించాడు. తర్వాత అతను చేసిన పనికి అతనే కారణం చెప్పలేడు. కొత్త ఆయిలు డబ్బా తెచ్చి ఆ ఖాళీ గుండులోకి నిండా పోశాడు. పొర్లిన చుక్క గుడ్డతో తుడిచాడు.

మధ్యాహ్నం ఫోను మోగింది.

"బావా, అయిపోయిందా?"

"ఆ. రెడీ."

"సాయంత్రం జీపుల బృందం పెద్దాయన్ని తీసుకొస్తున్నా. ముందు సీటు నీదే రేపు, చెప్తున్నా. వెనక్కి ఎక్కనివ్వను."

"సరేలే" అన్నాడు మేస్త్రీ. వెంటనే భార్య ఫోను చేసింది. తమ్ముడికి ఇష్టమైనవన్నీ వండుతున్నానని, ఇద్దరూ భోజనానికి తొందరగా రమ్మని చెప్పింది. "ఏంటి, గొంతు అలా ఉంది?" అని కూడా అడిగింది. దుమ్ము పట్టిందన్నాడు. క్యారియరు మూత తీసి రెండు ముద్దలు తిని మళ్లీ మూసేశాడు.

ఎండ వాలాక వాళ్లొచ్చారు. బృందం పెద్దాయనకు గుండెలదాకా గడ్డం, మాట మాత్రం మెత్తన. బావమరిది చంకలో నీలం రంగు రెక్సిన్ దిండొకటి ఉంది. వ్యాను పాత సీటు చింపి తనే కుట్టాడట. "నీ నడుముకి బావా. రేపంతా గతుకులే" అని దాన్ని బెంచీ మీద పెట్టాడు. పెట్టి, మళ్లీ వెనక్కి వచ్చి, మధ్యలో గుద్ది మెత్తగా చేశాడు.

గడ్డమాయన బండి చుట్టూ తిరిగాడు. బ్రేకు గొట్టాలు చూసి తలూపాడు. నల్ల పైపు చూసి నవ్వాపుకున్నాడు. "బాగా చేశారు. స్టాండ్ల మీదే ఉంది కాబట్టి ఒక్కసారి నాలుగు చక్రాలూ తిప్పి చూపిస్తే చాలు. పైకెళ్లాక ఒక బండి ఆగితే అందరం ఆగాలి కదా" అన్నాడు.

"మా బావ ఎంచిన బండండీ, చూడక్కర్లేదు" అంటూనే బావమరిది ఎగిరి సీట్లో కూర్చున్నాడు. తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. వాడి చెయ్యి లివర్ మీదికి వెళ్లింది.

మేస్త్రీ తలుపు పట్టుకున్నాడు. "ఆగరా."

"ఏంటి బావా?"

"ముందు చక్రాలు తిరగవు."

"ఇంకా లివర్ వెయ్యలేదుగా?"

"వేసినా తిరగవు. లోపల పళ్లచక్రం లేదు. కొన్నప్పుడే లేదు."

గడ్డమాయన మర్యాద తెలిసినవాడు. ఫోను చెవిన పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు బయటికి నడిచాడు. బావమరిది ఇంజను ఆపాడు.

"ఆ రోజు నువ్వు చూశావుగా?"

"కింద పడుకుని చూళ్లేదు."

"ఎందుకు?"

మేస్త్రీ చేతిలోని గుడ్డను మడతపెట్టాడు, విప్పాడు. ఇంకేదైనా చెప్పొచ్చు. చీకటిగా ఉందనొచ్చు, జాకీ లేదనొచ్చు. "చొక్కా మాస్తుందని" అన్నాడు.

వాడు నవ్వబోయాడు. బావ మొహం చూసి ఆగిపోయాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున."

"మధ్యాహ్నం ఫోన్ చేస్తే రెడీ అన్నావు."

కాళ్లకింద సిమెంటు మీద కొత్త ఆయిలు మరక ఉంది. మేస్త్రీ దానివైపే చూస్తూ నిలబడ్డాడు. భూమి చీలితే దూరిపోదామనిపించింది.

"ఈయన రాకపోతే చెప్పేవాడివి కాదు కదా?" అన్నాడు బావమరిది. గొంతు పెంచలేదు. "కొండ వాలులో లివర్ వేసేవాణ్ని బావా. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని వేసేవాణ్ని."

"చెబుదామనే..."

"డబ్బు పోతే పోయింది. చొక్కా కోసం చూడకపోయినా సరే. పొద్దున్నుంచీ..." వాడు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. తర్వాత, "స్టాండ్లు తీసెయ్యండి. నేను తీసుకెళ్తాను. మీరు ఇంటికెళ్లండి" అన్నాడు.

వేలు పట్టుకుని నడిచిన నాటినుంచి వాడు బావను మీరు అనలేదు. ఆ మర్యాద మేస్త్రీకి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. అతను అట్ట లాక్కుని మళ్లీ జీపు కింద దూరాడు. ఒక్కో మూలా జాకీతో లేపి, స్టాండు తీసి, మెల్లగా దించాడు. పైన వాడు కదలకుండా కూర్చున్నాడు. వాడి బూటు బ్రేకు మీద ఉన్నట్టు కిందినుంచి తెలుస్తోంది. పని తొందరగా అయిపోతుందేమోనని మేస్త్రీకి భయమేసింది. ఆఖరి చక్రం నేలను తాకాక కూడా, బిగించాల్సింది ఏమీ లేకపోయినా ఒక బోల్టును పట్టుకుని కాసేపు అక్కడే ఉన్నాడు.

బయటికొచ్చి లేచి నిలబడేసరికి ఇంజను మొదలైంది. "అక్క వంట చేసింది రా" అన్నాడు. ఇంజను చప్పుడులో వాడికి వినిపించిందో లేదో తెలియదు. జీపు గేటు దాటింది. గడ్డమాయన బయటే ఎక్కాడు, ముందు సీట్లో. ఎత్తుగా, ఠీవిగా, ఏ లోపమూ లేనట్టు బండి మలుపు తిరిగింది. వెనక చక్రాలతోనే అయినా చక్కగా నడిచింది, కమాన్లు ఎక్కడా చప్పుడు చెయ్యలేదు.

యజమాని దీపాలార్పుతూ "ఏమయ్యా, ఇంటికెళ్లవా?" అన్నాడు. వెళ్తానన్నాడు. జేబులో ఫోను మోగింది, ఇంటినుంచే. చేతులకు గ్రీజుందని తనకు తనే చెప్పుకుని తియ్యలేదు. అది ఆగి మళ్లీ మోగింది. ఆమెకు తమ్ముడేడో చెప్పాలి, ఎందుకు రాలేదో చెప్పాలి, తను ఇస్త్రీ చేసిన చొక్కా గురించి చెప్పాలి. నడుము భగ్గుమంటుంటే మేస్త్రీ గోడకు జారగిలబడి ఉత్త నేలమీద కూర్చున్నాడు.

ఎదురుగా బెంచీ మీద నీలం దిండు వాడు గుద్ది పెట్టిన చోటే ఉంది, ఒక అంచున కుట్టు వంకరపోయి, దారం కొస ఇంకా కత్తిరించకుండా వేలాడుతోంది.