నలభై ఒక్క సెకన్లు

బెవర్లీ తలుపు తోసుకుని లోపలికి రాగానే డారియా ఆమెను పోల్చుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళు గడిస్తే మాత్రం, మనిషి ఒళ్ళు చేస్తే మాత్రం, జుట్టుకు రాగి రంగు పూసుకుంటే మాత్రం, గడ్డం పైకెత్తి చూసే ఆ చూపు ఎక్కడికి పోతుంది? పాపిష్టి చూపు! 

"కూర్చోండి బెవర్లీ. వెలుగు పెట్టించుకోవడం ఇదే మొదటిసారా?" అంది పైకి. లోపల మాత్రం, దొరికావే తల్లీ, ఇన్నాళ్ళకు దొరికావు, అనుకుంది.

"మొదటిసారే. బెవ్ అనండి చాలు," అంది బెవ్. డారియా పెళ్ళి చేసుకుని ఇంటిపేరు మార్చుకుంది. జుట్టు నెరిసింది. గుర్తుపట్టిన జాడ బెవ్ ముఖంలో ఏమీ కనిపించలేదు. అది ఇంకా కడుపుమంట. చేసినవాళ్ళు మరిచిపోయి హాయిగా తిరుగుతారు, పడ్డవాళ్ళు నిద్రలో కూడా మోస్తారు. ఇదెక్కడి న్యాయమో!

కెనడాలోని సాస్కటూన్‌లో ఆ చర్మవైద్యశాల వెనకవైపు గదిని అందరూ వెలుగు గది అంటారు. గది మధ్యలో నిలువెత్తు పెట్టె, దాని లోపల చుట్టూ ట్యూబులైట్లు. రోగి బట్టలు విప్పి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అందులో నిలబడతాడు. నర్సు బయట నుంచి సెకన్లు పెట్టి మీట నొక్కుతుంది. సోరియాసిస్‌తో పొలుసులు రాలేవాళ్ళు, బొల్లి మచ్చలవాళ్ళు, తలమీద గుండ్రంగా జుట్టు ఊడినవాళ్ళు, అందరూ వారానికి మూడుసార్లు, నెలల తరబడి వస్తారు. పదహారేళ్ళుగా పొద్దుటిపూట ఆ మీట డారియాదే.

ఆమెకూ సోరియాసిస్ ఉంది. ఇప్పుడు అదుపులో ఉంది గాని, పదమూడేళ్ళప్పుడు మోచేతుల నుంచి మోకాళ్ళ దాకా వెండి పొలుసులే. ఆ వేసవిలో ఊరి ఈతకొలనులో దిగిందని, గట్టుమీద నిలబడి ఈ బెవ్వే కేక పెట్టింది. "కుష్టు! దీనికి కుష్టురా! బయటికి రండి!" అని. నలభై మంది పిల్లలు కెవ్వున అరుస్తూ ఒడ్డెక్కారు. నీళ్ళలో డారియా ఒక్కతే మిగిలింది. మర్నాడు కొలను మొత్తం తోడించి, కడిగించి, మళ్ళీ నింపారు. వాళ్ళమ్మ రాత్రిళ్ళు పూసే తారు మందు వాసనకు బెవ్ "తారుడబ్బా" అని పేరు పెట్టింది. బడి వదిలేదాకా ఆ పేరు వదల్లేదు. బస్సులో పక్కన కూర్చున్న పిల్ల లేదు. ఆనాటి నుంచి ఈనాటి వరకు డారియా ఈతకు దిగలేదు. పెళ్ళైన కొత్తలో మొగుడు బతిమాలినా దిగలేదు.

ఇప్పుడు అదే జబ్బు బెవ్ ఒంటికెక్కి కూర్చుంది. వీపు, మోచేతులు, చేతివేళ్ళు. అందులోనూ ఆవిడది జుట్టు కత్తిరించే పని. ఆ వేళ్ళు చూసి కస్టమర్లు ఒక్కొక్కరే జారుకుంటున్నారట. పూతమందులన్నీ అయిపోయాయి. ఇక వెలుగే దిక్కు. ముప్పై ఆరుసార్లు పెట్టాక కూడా ఫలితం లేకపోతే ఆపేస్తానని డాక్టరు కాగితంమీద రాశాడు. డారియా ఆ కాగితం రెండుసార్లు చదువుకుంది. నెత్తిన పాలు పోసినట్టయింది.

కాల్చెయ్యొచ్చు. ముప్పైకి బదులు మూడు వందలు నొక్కితే చాలు, ఒళ్ళంతా బొబ్బలెక్కుతుంది. కాని డారియా అంత తెలివితక్కువది కాదు. కాల్చితే రెండు వారాల్లో మానిపోతుంది, తన ఉద్యోగం మాత్రం ఊడుతుంది. ఆకలితో మాడ్చితే? దానికి సాక్ష్యం ఎక్కడుంటుంది?

వెలుగు గదిలో పద్ధతి ఒకటుంది. తక్కువతో మొదలుపెట్టి వచ్చినప్పుడల్లా కొన్ని సెకన్లు పెంచుకుంటూ పోవాలి. పెంచితేనే మందు, లేకపోతే వచ్చి నిలబడి పోవడమే. పెంచేముందు నర్సు అడుగుతుంది, "మొన్నటి తర్వాత ఒళ్ళు ఎర్రబడిందా?" అని. అందరూ "కొంచెం" అనే అంటారు. అప్పుడు రెండో ప్రశ్న అడగాలి, "మర్నాటికి తగ్గిందా?" అని. తగ్గితే పెంచొచ్చు, తగ్గకపోతే పెంచకూడదు. ఆ రెండో ప్రశ్న నర్సు నింపే రోగి కార్డులో ఎక్కడా ఉండదు, నర్సు నోట్లో ఉంటుంది. నాలుగోసారి బెవ్ నలభై ఒక్క సెకన్ల దగ్గరుండగా డారియా ఆ ప్రశ్న మింగేసింది.

"ఎర్రబడిందా?"

"కొంచెం."

"అయితే ఇవాళ పెంచను. అదే పెడతా. జాగ్రత్త మంచిది కదా!"

"అలాగే," అంది బెవ్.

ఐదోసారీ అంతే. పదోసారీ అంతే. కార్డుమీద 'స్వల్పంగా ఎరుపు, పెంచలేదు' అని డారియా చక్కటి దస్తూరీతో రాసింది. ఏ డాక్టరు చూసినా శభాష్ అనాల్సిందే. పెట్టెలోంచి బయటికొచ్చి బెవ్ తన మోచేతులు తడుముకుంటుంటే, ఇంకా పొలుసులే రాలుతుంటే, డారియాకు లోపల ఎక్కడో చల్లగా ఉండేది. చూడు. తడుముకో. నేను తడుముకున్నట్టే తడుముకో. ఇంటికెళ్ళి మొగుడికి ఇష్టమైన, బంగాళదుంప కూరిన పెరోగీలు వండి, పాట పాడుకుంటూ తినేది. ఆరోగ్యం కూడా బాగుపడ్డట్టు అనిపించింది, నవ్వకండి, నిజం.

బయట వరండాలో కూర్చునేవాళ్ళకు సెకన్లే గొప్పలు. లోపల నిలబడి అంకెలు లెక్కపెట్టుకోవడం అందరికీ అలవాటు. "నాది మూడు నిమిషాల పది!" అంటాడు వెండెల్, డెబ్బై ఎనిమిదేళ్ళ గోధుమ రైతు, పన్నెండేళ్ళుగా వస్తున్నాడు. "అంతేలే పెద్దాయనా, నీది ఏనుగు తోలు," అంటుంది కోరా, బొల్లికి వచ్చే ఫిలిప్పీన్స్ అమ్మాయి. "నీకెంతమ్మా?" అని వెండెల్ బెవ్‌ను అడిగితే, ఆమె ఏదో గొణిగి పత్రిక తిరగేసేది.

ఇరవై నాలుగోసారి, ఒక శుక్రవారం, బెవ్ బట్టలు విప్పకుండా గౌను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎర్రబడిందా?" అంది డారియా.

"ఎర్రబడింది. మర్నాడు పొద్దున్నకే తగ్గింది. ప్రతిసారీ అలాగే తగ్గింది. నువ్వు అడగలేదు."

డారియా కార్డు బోర్లించింది. "నా మీద ఫిర్యాదా?"

"ఫిర్యాదు చెయ్యాలంటే ఆరు వారాల కిందటే చేసేదాన్ని. నలభై ఒకటి, నలభై ఒకటి, నలభై ఒకటి. నాకు లెక్కలు రావనుకున్నావా డారియా? మొదటిరోజే పోల్చుకున్నా. అచ్చం మీ అమ్మ ముఖం."

"పోల్చుకుని నోరు మూసుకున్నావా!"

"ఏం చెప్పమంటావు? ఈ నర్సు నాకు వెలుగు తగ్గిస్తోంది అంటే, ఎందుకు అని అడుగుతారు. అప్పుడు నేనేం చేశానో చెప్పాలి. సిగ్గేసింది. నేనేం సాధువును కాదు, శిక్ష అనుభవిద్దామనీ అనుకోలేదు. సిగ్గు, అంతే. కాని డాక్టరు ఇంకా పన్నెండుసార్లే అంటున్నాడు. నా చేతులు పోతే నా కూడు పోతుంది. పెంచు. నీకు దణ్ణం పెడతా."

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ మాట కోసం ఎదురుచూసింది. తీరా వచ్చాక డారియాకు చాల్లేదు. ఇంకా కావాలనిపించింది. కుండెడు తాగినా తీరని దాహంలా ఉంది.

"సిగ్గేసిందా? నాకెంత మందిలో వేసిందో గుర్తుందా? బయట వరండాలో మనుషులున్నారు. వెళ్ళి వాళ్ళకు చెప్పు. ఆ కేక ఎలా పెట్టావో అలాగే చెప్పు. చెప్పి రా, పెంచుతా."

"డారియా..."

"చెప్పి రావే!"

బెవ్ లేచింది. గడ్డం ఈసారి పైకి లేదు. తలుపు తీసి వరండాలో నిలబడింది. డారియా వెనకే వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. ఒక్క మాట కూడా పోగొట్టుకోకూడదనుకుంది.

బెవ్ చెప్పింది. కొలను, కేక, నీళ్ళు తోడించడం, తారుడబ్బా, ఏదీ దాచలేదు.  "ఆ పిల్ల ఈవిడే," అని డారియా వైపు చెయ్యి చూపించింది.

ఇప్పుడు తిడతారు, అనుకుంది డారియా. వీళ్ళు నా వాళ్ళు, ఉమ్మేస్తారు దాని ముఖాన.

వెండెల్ చేతికర్ర మీద గడ్డం ఆనించాడు. "నన్ను బార్బర్ బయటికి గెంటాడు, ఊరంతా చూస్తుండగా. పాడు మనుషులు," అన్నాడు. కోరా తల దించుకుని, "మా అత్తగారు నా గ్లాసు విడిగా పెట్టేది," అంది. తర్వాత బెవ్‌ను చూసి, "సిగ్గులేని పని చేశావమ్మా," అంది గట్టిగానే. బెవ్ తలూపింది.

డారియాకు ఒళ్ళు తేలికపడింది. అయిపోయింది. కసి తీరింది. ఆ క్షణం ఎంతసేపుందో ఆమెకే తెలియదు, బహుశా నాలుగు ఊపిర్లు.

"అదంతా సరేగాని, ఇవాళ ఇదంతా మాకెందుకు చెప్తున్నావు?" అన్నాడు వెండెల్.

"చెప్తేనే నా సెకన్లు పెంచుతానంది," అంది బెవ్.

"ఎంతమీద ఉన్నావు?"

"నలభై ఒకటి. ఏడు వారాలుగా."

 అక్కడున్నవాళ్ళలో నలభై ఒక్క సెకన్లంటే ఏమిటో తెలియనివాళ్ళు లేరు. మంచులో ముప్పై మైళ్ళు బండి నడుపుకుని వచ్చేవాళ్ళు, డ్యూటీ మానుకుని వచ్చేవాళ్ళు, ఒక్కో సెకను పెరిగితే ఇంటికి ఫోను చేసి చెప్పేవాళ్ళు. కోరా కళ్ళు పెద్దవయ్యాయి.

"అక్కా, నిజమా?"

"అది నన్నేం చేసిందో విన్నావు కదా!" అంది డారియా. గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"విన్నా. అది పద్నాలుగేళ్ళ పిల్ల నోటితో చేసింది. నువ్వు మా మందుతో చేశావు," అంది కోరా.

"మీకెవరికీ చెయ్యలేదు! మీ మీద ఒట్టు!"

 బెవ్ కోటు తొడుక్కుంటోంది. సోమవారం నుంచి వేరే నర్సు ఉండే పూట వస్తానంది. ఆమె గొంతులో గెలుపేమీ లేదు. తలుపు మెల్లగా మూసుకుని వెళ్ళింది. అందరి ముందు డారియాను ఆమె ఒంటరిగా నిలబెట్టడం ఇది రెండోసారి, కాకపోతే ఈసారి ఆ కేక పెట్టమన్నది డారియాయే.

"వెండెల్ గారూ, మీ వంతు. రండి," అంది, ఏమీ జరగనట్టు.

వెండెల్ లేవలేదు. పన్నెండేళ్ళలో ఆయన ఆమెను ఒక్క ప్రశ్న అడిగింది లేదు. ఎన్ని సెకన్లంటే అన్ని, తిరగమంటే తిరిగేవాడు. వేడి ఎక్కువైందేమో చూడు అమ్మాయ్ అని కూడా అనేవాడు కాదు, నీకు తెలుసులే అనేవాడు.

"నా కార్డు ఇలా ఇవ్వమ్మాయ్," అన్నాడు.

"మీదంతా సరిగ్గానే ఉంది పెద్దాయనా."

"ఉండే ఉంటుంది. పోయినేడు చలికాలం నీ పార్కింగు చోట్లో నా ట్రక్కు పెట్టానని నామీద అలిగావు, గుర్తుందా? ఆ నెల నా వీపు తగ్గలేదు. ఇయ్యి, చూస్తా."

డారియా ఇచ్చింది.  అందులో ఒక్క అంకె తప్పు లేదని ఆమెకు తెలుసు, కాని ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియలేదు. వెండెల్ కళ్ళజోడు ట్రక్కులో మరిచిపోయాడు. కార్డు కోరా చేతిలో పెట్టి, "మొదటినుంచి చదువు తల్లీ, ఏదీ వదలకు," అన్నాడు. కోరా పైకి చదవడం మొదలుపెట్టింది.