రద్దు నొక్కిన తర్వాత

రెండోవాడికి మొదటివాడి జవాబు, అలా ఎలా వస్తుంది, ఒక్కోసారి మనం రాసిన టెస్టే తప్పయి ఉంటుంది, ఇంకోసారి నడిపి చూద్దాం అనుకుంటూ ఆమె మళ్లీ నడిపింది, మళ్లీ అదే, తెర మీద ఎర్రటి గీత, మూడోసారీ అదే, అమ్మయ్య, తప్పు దొరికింది, అని ఒక్క క్షణం ఒళ్లు తేలికైంది, పదేళ్లుగా పెంచుకొస్తున్న ప్రోగ్రాం ఇది, డేటాబేసుకీ దాన్ని అడిగేవాళ్లకీ మధ్య నిలబడి ప్రశ్నని లోపలికీ జవాబుని బయటికీ అందించే ప్రాక్సీ సర్వరు, వారానికి రెండు మూడు బగ్గులు దులపడం, నెలకో కొత్త వెర్షన్ వదలడం, నీ కాపురమంతా దానితోనే కదే అని అక్క వెక్కిరించేది, వెక్కిరించే రోజుల్లో, ఇప్పుడు ఫోన్ చేస్తే ఊఁ, ఆఁ, సరే, అంతే, నిన్న సాయంత్రం ముక్కూమొహం తెలియని మనిషెవరో మూడు వాక్యాలు రాసి పంపాడు, ప్రశ్నని మధ్యలో రద్దు చేస్తే దాని జవాబు దారిలోనే ఉండిపోతోంది, మీరు ఆ కనెక్షన్‌ని శుభ్రం చేయకుండానే తర్వాతివాడికి ఇస్తున్నారు, దయచేసి చూడగలరా అని, పొద్దున సీట్లో కూర్చున్నది కూర్చున్నట్టే చూసింది, తెచ్చుకున్న టీ మూత కూడా తీయలేదు, పదకొండయ్యేసరికి ఇదిగో, కళ్లెదురుగా, ముందువాడిది వెనకవాడికి.

ముందువాడిది వెనకవాడికి పోతోంది మరదలా, నా మాట విను, అని బావ అన్నది భోజనాల బల్ల దగ్గర, రెండేళ్లు దాటింది, అక్క గిన్నెలు సర్దుతోంది, రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు తీసిచ్చే పని బావది, ఆ ల్యాబుకి ఈ ప్రాక్సీ పెట్టించింది కూడా ఆమే, బావ పనిచేసేచోట తన ప్రోగ్రాం నడుస్తోందని నలుగురికీ చెప్పుకుంది కూడా, ఏం బావా, మళ్లీ రిమోట్‌ని అరచేత్తో కొట్టినట్టు కంప్యూటర్‌నీ కొట్టావా అని నవ్వింది, బావ కూడా నవ్వాడు, అతనెప్పుడూ ముందు నవ్వేసి తర్వాత చెబుతాడు, అది కాదే, ఒకరి పేరు కింద ఇంకొకరి అంకెలు వచ్చాయి, నేను రోగి నంబరు సరిగ్గానే కొట్టాను, నీ మీదొట్టు, నా మీదెందుకు, నీ కళ్లద్దాల మీద ఒట్టెయ్యి బావా, ముందు అవి మార్చు, అంది, అక్క కూడా పకపకా నవ్వింది, పాపం అక్క, ఎంత హాయిగా నవ్విందో.

ఆ తర్వాత నెలలోనే ఒక పెద్దాయన ఎవరిదో రిపోర్టు తనదనుకుని పదిహేను రోజులు అక్కర్లేని మందులు మింగాడు, కాళ్లు వాచాయి, ప్రాణం మీదికి రాలేదు గానీ ఆయన కొడుకు ల్యాబు మధ్యలో నిలబడి బావ చొక్కా పట్టుకున్నాడు, విచారణ వేశారు, ప్రోగ్రాం తయారుచేసినవాళ్లుగా మీ అభిప్రాయం రాసివ్వండి అని తనకు ఉత్తరం వచ్చింది, అక్క ఫోన్‌లో ఏడుస్తూ, ఒక్కసారి సరిగ్గా చూడవే అంది, చూస్తాలే అక్కా అంది, ఏం చూసింది, పాత టెస్టులన్నీ ఒకసారి నడిపింది, అన్నీ పాసై పచ్చగా వచ్చాయి, రద్దు గురించి అందులో ఒక్క టెస్టూ లేదన్న సంగతి తట్టనే లేదు, మా ప్రాక్సీలో లోపం కనబడలేదు, నంబరు నమోదులో పొరపాటు జరిగి ఉండవచ్చు, అని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టింది, పెట్టి, సొంతవాళ్లని కూడా వెనకేసుకు రాలేదు నేను, అని లోలోపల మురిసిపోయింది, అదీ సిగ్గుచేటు, మురిసిపోయింది, బావ ఉద్యోగం పోయింది, ఇప్పుడు కళ్లజోళ్ల దుకాణంలో కూర్చుంటున్నాడు, అద్దాలు తుడిచి, వచ్చినవాళ్ల ముక్కు మీద పెట్టి, కనబడుతోందా అండీ అని అడుగుతూ, నిన్ను అబద్ధం రాయమన్నానా, చూడమన్నాను కదే, అన్నది అక్క తనతో మనసు విప్పి అన్న ఆఖరి మాట.

ఏమండీ, సవరణల జాబితాలో దీన్నేమని వేద్దాం, అని పక్క సీటాయన వెనక నుంచి అడిగాడు, కొత్త వెర్షన్ మధ్యాహ్నం వెళ్లాలి, కనెక్షన్ల విషయంలో చిన్న లోపం సరిచేశాం అని పెట్టేద్దామా, చిన్న లోపమా, సవరణకి పట్టింది నాలుగు లైన్లు, నిజానికి చిన్నదే, కాస్త ఆగండి, అని లేచి, మెట్ల దగ్గరికి వెళ్లి అక్కకి ఫోన్ చేసింది, ఏంటి, పనిలో ఉన్నాను, అక్కా, తప్పు నాదే, నా ప్రోగ్రాందే, బావ నంబరు సరిగ్గానే కొట్టాడు, అవతల కుళాయి ఆపిన చప్పుడు, నాకెందుకు చెబుతున్నావు, ఆయనకి చెప్పు, ఇంట్లోనే ఉన్నారు, ఇవాళ దుకాణానికి సెలవు.

ఏం మరదలా, అన్నాడు బావ, ఏమీ జరగనట్టు, ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది, రద్దు చేస్తే ఇలా అవుతోంది బావా, మామూలుగా అయితే కాదు, మధ్యలో ఆపితేనే, అతను వింటూ వింటూ, అవునవును, ఆ రెండుసార్లూ ప్రింటర్లో కాగితం ఇరుక్కుంది, రద్దు నొక్కి తర్వాతివాళ్లది తీశాను, మొదటిసారే ఆ మాట నీకు చెప్పినట్టు గుర్తు, అన్నాడు, చెప్పాడు, బల్ల దగ్గరే చెప్పాడు, కాగితం ఇరుక్కుందే, రద్దు కొట్టానే, అన్నాడు, ఆమెకిప్పుడు ఆ గొంతుతో సహా వినబడుతోంది, అప్పుడు తను కళ్లద్దాల జోకు వెతుక్కుంటోంది, ఇంతకీ ఎవరు కనిపెట్టారు, నువ్వేనా, కాదు బావా, ఎవరో, పేరు కూడా తెలియదు, రాసి పంపారు, ఓహో, పోనీలే, ఆయనెవరో బాగా విడమరిచి చెప్పినట్టున్నాడు, నాకలా చెప్పడం చేతకాలేదు, అన్నాడు, నిజంగానే అన్నాడు, ఎత్తిపొడుపు లేదు, ఉన్నా బాగుండేది, బావా, ల్యాబుకి రాస్తాను, ఇవాళే, రాయి, ఉద్యోగం సంగతి వదిలెయ్, ఆ పెద్దాయనకి మాత్రం తెలిసేట్టు చూడు, నేను చేయలేదని.

సీట్లోకి వచ్చి ఉత్తరం మొదలుపెట్టింది, అప్పట్లో నేనిచ్చిన అభిప్రాయం తప్పు, లోపం పూర్తిగా మా ప్రోగ్రాంలోనే ఉంది, ఆ ఉద్యోగి తప్పేమీ లేదు, ఆ ఉద్యోగి నాకు బంధువు, అని రాసి, ఆగి, ఆ మాట కొట్టేసి, దాన్నెందుకు దాచడం అని మళ్లీ రాసి, వేళ్లు కీబోర్డు మీద ఆనించి కూర్చుండిపోయింది, చేతకాకపోవడమేంటి, అంతా చెప్పాడు, ఏం నొక్కాడో, ఏది ముందో, ఏది వెనకో, వరసగా చెప్పాడు, నిన్న ఆ తెలియనాయనెవరో రాసిన మూడు వాక్యాల్లో అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ లేదు, బంధువని మొగ్గు చూపకూడదనుకుని నిక్కచ్చిగా ఉన్నానని రెండేళ్లుగా తనకు తాను చెప్పుకుంటున్నది ఉత్తమాట, ఇదే సంగతి ఏ పరాయివాడు చెప్పినా ఆ పూటే కూర్చుని చూసేది, చెప్పింది బావ కాబట్టే చూడలేదు.