నడుముకు కత్తి, జేబులో మిగతావి

విత్తనాల కేంద్రంలో, ఆరబెట్టే గదిలో కూర్చుని ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషిని ఉన్నట్టుండి కొండలెక్కమంటే గుండె గుభేలుమనదూ? ఒక ఇంటి కోడలికి అదే జరిగింది. అడవిచెట్ల కాయలు కోసుకొచ్చే ఉద్యోగి బదిలీ అయిపోయాడు. "కాయ చూస్తే చెట్టు చెప్పేస్తావు కదా, ఇకనుంచి నువ్వే వెళ్ళు" అని పై అధికారి తేల్చేశాడు. జీపు కొండ మొదలు దాకా వస్తుంది. డ్రైవరు అక్కడే ఉండిపోతాడు. ఆపైన ఆమె ఒక్కతే పొదలు నరుక్కుంటూ పోవాలి.

ఇంట్లో ఆ సంగతి చెప్పగానే భర్త మొహం చిన్నబోయింది. అత్తగారు, "వేరే ఎవరూ దొరకలేదుటా వాళ్ళకి?" అని ఒంటికాలిమీద లేచింది. మామగారు మాత్రం గదిలోకి వెళ్ళి, బీరువా మీదనుంచి ఖాకీగుడ్డ చుట్టిన కత్తి ఒకటి దించుకొచ్చి భోజనాల బల్లమీద పెట్టారు.

ఆయన అటవీ శాఖలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. కత్తి ఆయన ముంజేయంత పొడుగుంది. పిడి చెక్క చెమటకు నల్లబడి నున్నగా మెరుస్తోంది. తోలు ఒరకు ముందువైపు చిన్న సంచీ కుట్టి ఉంది.

"ఇల్లు దోచడానికి వెళ్తోందేమిటండీ అమ్మాయి?" అంది అత్తగారు.

"నువ్వుండవే," అని మామగారు సంచీ గుండీ విప్పి లోపలున్నవన్నీ బల్లమీద గుమ్మరించారు. కత్తి నూరే నూనెరాయి, గాలాలు, కుందేళ్ళకు పన్నే ఉచ్చుతీగ, గీస్తే రవ్వలు రాలే ఇనపకడ్డీ, తాడు చుట్ట. "ఇదీ నా సంసారం. అన్నీ ఒక్కచోట. కత్తి మొలన ఉంటే ఇక దేనికీ వెతుక్కోనక్కర్లేదు."

కోడలు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసింది. ఆయనకు ఎదురుచెప్పే అలవాటు ఆమెకు లేదు. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఇద్దరిమధ్యా మాటలు తక్కువ, మర్యాద ఎక్కువ. కానీ కొండెక్కాల్సింది తనే కదా అనిపించి నోరు విప్పింది.

"మామయ్యా, ఏం తీసుకెళ్ళాలో తర్వాత చూద్దాం. మీ సర్వీసులో అడవిలో తప్పిపోయినవాళ్ళు ఉండే ఉంటారు కదా. వాళ్ళకి ఏం లేకపోయి ప్రాణం మీదికొచ్చింది?"

ఆయన ఠక్కున జవాబు చెప్పబోయి ఆగిపోయారు. ఆ ప్రశ్న ఆయన్నెవరూ అడిగినట్టు లేదు.

"తిండి లేక పోయినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు," అన్నారు చివరికి, మెల్లగా. "తడిసి, చలికి బిగుసుకుపోయినవాళ్ళున్నారు. అరిచి అరిచి గొంతు పోయినవాళ్ళున్నారు. ఒకతను మేం వెతుకుతున్న దారికి చాలా దగ్గర్లోనే ఉన్నాడు. మా మాటలు అతనికి వినబడ్డాయి. అతని గొంతే పెగల్లేదు."

"అయితే గాలాలెందుకు?"

"చేపలు పట్టుకోవచ్చుగా."

"నేను చేప పట్టేలోగా మా ఆఫీసు వాళ్ళు నన్ను పట్టేసుకుంటారు మామయ్యా."

అత్తగారు పైటకొంగు నోటికడ్డం పెట్టుకుంది. మామగారి మీసం కింద కూడా ఏదో కదిలింది. గాలాలు, ఉచ్చుతీగ పక్కకు పోయాయి. ఇనపకడ్డీ దగ్గర మాత్రం ఆయన పట్టు వదల్లేదు. సరే తేల్చుకుందామని ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. ఆయన ఒక్క గీతకే ఎండుపీచు అంటుకుంది. ఆమె గీసి గీసి వేళ్ళు కమిలించుకున్నా రవ్వ పీచుమీద పడలేదు. అంగడిలో దొరికే మామూలు లైటరుతో వెంటనే వెలిగించేసింది. "తడిస్తే అది ఎందుకూ పనికిరాదు," అన్నారాయన. ఆమె లోపలికెళ్ళి ఒక రబ్బరు బుడగ తెచ్చి, లైటరును అందులో దూర్చి మూతి ముడేసి, బకెట్టు నీళ్ళలో ముంచి తీసి చూపించింది. ఆయన తల ఊపారు.

అలా రోజుకొకటి చేరుతూ, తీసేస్తూ, అరచేతిలో పట్టే మూట తయారైంది. బుడగలో లైటరు, ప్లాస్టిక్ ఈల, మడిస్తే రుమాలంత అయ్యే, ఒంటివేడి పోనివ్వని వెండిరంగు దుప్పటి, గాయానికి బిగించే కట్టు, వాగునీళ్ళను శుభ్రం చేసే మాత్రలు. ఇంకేదైనా పెట్టాలంటే ఉన్నవాటిలో ఒకటి తీయాలని ఆమె నియమం. ఎండలో మెరిపించి జాడ తెలపడానికి మామగారు చిన్న అద్దం పెట్టమన్నారు. "ఏది తీయమంటారు?" అని ఆమె అడిగితే ఒక పూటంతా ఆలోచించి, అద్దం వద్దులే అన్నారు.

పేచీ ఒక్కదాని దగ్గర వచ్చింది. ఆ మూట ఒర సంచీలోనే ఉండాలని ఆయన, తన ఒంటిమీద ఉండాలని ఆమె.

"ఒకే చెట్టు గింజలు మేం ఒకే సీసాలో పెట్టం మామయ్యా. సగం ఒక గదిలో, సగం ఇంకో గదిలో. ఒకచోట బూజు పట్టినా రెండోది మిగుల్తుంది."

"ఇవేమన్నా గింజలా? కంగారులో ఏది ఏ జేబులో ఉందో గుర్తుండి చస్తుందా? చెయ్యి కత్తిమీదికి దానంతటది పోతుంది. దాని పక్కనుంటేనే దొరుకుతాయి."

ఆయన మాటలోనూ న్యాయం ఉంది. సాయంత్రం అత్తగారు వంటింట్లోకి పిలిచి, తన కుట్టుమిషను మీద కోడలి చొక్కా లోపలివైపు జిప్పు పెట్టి కుట్టిన జేబు చూపించింది. "మూట ఇందులో పెట్టుకో. ఆయన సంచీలో నూనెరాయీ, తాడూ ఉండనీ. అడిగితే నేను చెప్తాలే."

బయల్దేరే రోజు పొద్దున మామగారు తనే కత్తి నడుముకు కట్టుకునే తీరు చూపించారు. నడిచేటప్పుడు ఒర ఊగకుండా దాని కొసను నైలాను తాడుతో ఆమె కుడితొడకు బిగించి, ముడి రెండుసార్లు లాగి చూసుకున్నారు. "ఇక కదలదు," అన్నారు తృప్తిగా.

ప్రతిసారీ ఆ ముడి ఆయనే వేసేవారు. మొదటి రెండు ప్రయాణాలూ సాఫీగా సాగాయి. కత్తి లేకపోతే ఆ ముళ్ళపొదల్లో అడుగు పడేది కాదని ఆమెకు త్వరలోనే తెలిసొచ్చింది. మూడోసారి వాగు దాటి అవతలి వాలుకు వెళ్ళింది. కావలసిన చెట్టు దొరికింది. కాయలు సంచీలో నింపుకుని తిరిగొచ్చేసరికి వాగు రంగు మారి ఉంది. పైన ఎక్కడో వాన పడుతున్నట్టుంది. రాళ్ళు ఇంకా కనబడుతున్నాయి కదా, దాటేద్దామనుకుంది. నడిమధ్య రాయిమీద కాలు జారింది.

నీళ్ళు ఆమెను ఈడ్చుకుపోయి పడిపోయిన చెట్టువేళ్ళకు కొట్టాయి. ఒర ఆ వేళ్ళమధ్య ఇరుక్కుంది. తొడకు కట్టిన తాడు బిగిసి కాలు కిందికి లాగుతోంది. తల పైకెత్తితే ఒక గుక్క గాలి, మరుక్షణం ముక్కునిండా నీళ్ళు. ముడి విప్పబోతే తడిసిన నైలాను రాయిలా ఉంది. అప్పుడామె చెయ్యి, మామగారు అన్నట్టే, దానంతటది కత్తిపిడి మీదికి పోయింది. దూసింది. తాడు మీద పెట్టి లాగింది. ఒక్క లాగుకే తెగింది. ఇంకా నడుము దగ్గర బెల్టు పట్టే ఉంది. దాన్నీ కోసింది. ఒళ్ళు ఒక్కసారిగా వదులై ప్రవాహంలో గిరగిరా తిరిగింది. కత్తి ఎప్పుడు చేజారిందో తెలియలేదు.

ఒడ్డు చేరేసరికి మళ్ళీ అవతలి వాలు వైపే ఉంది. కాయల సంచీ లేదు, కత్తి లేదు, ఒర ఆ చెట్టువేళ్ళలోనే ఉండిపోయింది. వాన మొదలైంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. చొక్కాలోపలి జిప్పు తీయడానికి చేతివేళ్ళు మాట వినలేదు. పళ్ళతో పట్టి లాగింది. దుప్పటి విప్పి చుట్టుకుని బండచాటున కూర్చుంది. లైటరు వెలిగింది కానీ చుట్టూ ఉన్నదంతా తడికట్టె. పైన చెక్కేసి లోపలి పొడికట్టె తీయడానికి కత్తేదీ? పొగ తప్ప ఏమీ రాలేదు. కత్తి ఉండుంటే మంట వచ్చేది. ఆ కత్తే మొలన ఉండబట్టి చచ్చిపోబోయింది. ఆ కత్తే కోయబట్టి బతికింది. ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని ఆమె ఎంతగా ఆలోచించినా లెక్క తెగలేదు. లైటరు జేబులో వేసుకుని ఈల నోట పెట్టుకుంది. ఊదడం, ఆగి వినడం, మళ్ళీ ఊదడం.

చీకటి పడకముందే డ్రైవరుకు ఈల వినబడింది. కొండకింద కట్టెలు కొడుతున్న ఇద్దర్ని వెంటబెట్టుకుని తాళ్ళతో వచ్చాడు. "మేడమ్, అరుపైతే వాగు హోరులో కలిసిపోయేది," అన్నాడు ఆమెను ఇవతలికి లాగాక.

ఇల్లు చేరగానే అత్తగారు ఒళ్ళంతా తడిమి చూసుకుని ఏడ్చేసింది. భర్త వేడినీళ్ళు పెట్టడానికి పరుగెత్తాడు. మామగారు ఖాళీగా ఉన్న ఆమె నడుము వైపు చూశారు గాని అడగలేదు. ఆమే జరిగిందంతా చెప్పింది. "మీ కత్తి పోగొట్టాను మామయ్యా," అంది.

"తాడు బిగుసుకుందన్నావు. ఏ కాలికి?"

"కుడికాలికి."

ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత చాలా రోజులు ఆయన సరిగ్గా మాట్లాడలేదు. అన్ని ఏళ్ళు వెంట తిరిగిన కత్తి కదా, బెంగపెట్టుకున్నారనుకుంది ఆమె. ఒక మధ్యాహ్నం టీ ఇచ్చి వెళ్ళబోతుంటే, "కూర్చో," అన్నారు.

"ఆ ముడి వేసింది నేను. లాగి చూసి మరీ వేశాను."

అప్పటికిగాని ఆమెకు అర్థం కాలేదు ఆయన దేనికి కుమిలిపోతున్నారో. "దాన్ని కోసింది కూడా మీరు నూరిన కత్తేగా మామయ్యా. ఒక్క లాగుకే తెగింది."

"అలా సర్దిచెప్పకమ్మా. నేను చేసింది నేను చేశాను. అడవిలో నేనెప్పుడూ వాగులో పడలేదు. పడనివాడి అలవాటే నీకూ నేర్పాను." టీ గ్లాసు కింద పెట్టారు. "అదలా ఉంచు. నిప్పెందుకు అంటుకోలేదు? సరిగ్గా చెప్పు. ఏ కట్టె ఏరావు?"

ఆమె చెప్పింది. ఆయన మధ్యమధ్య ఆపి అడిగారు. గాలి ఎటు వీస్తోంది, బండ ఎంత ఎత్తు, చేతులు వణుకుతున్నప్పుడు ఏది తెరవడం కష్టమైంది. జిప్పుకు చిన్న తాడుముక్క తగిలిస్తే పళ్ళ అవసరం ఉండదని ఆమె అంది. తడిలోనూ మండే, మైనం పూసిన దూది ఉండ ఒకటి చేర్చాలని ఆయన అన్నారు. "అయితే ఏది తీయమంటారు?" అని ఆమె అడిగితే, ఈసారి ఆయన నిర్ణయం ఆమెకే వదిలేశారు. "నీకు తెలియాలి. వణికింది నువ్వు," అన్నారు. టీ చల్లారిపోయింది. కాపురానికి వచ్చాక వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

ఆ ఆదివారం ఇద్దరూ పనిముట్ల దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు పిడిలో డొల్ల ఉన్న కత్తి ఒకటి తీశాడు. "చూడండి సార్, సూది, గాలం, అగ్గిపుల్లలు అన్నీ పిడిలోనే. పైన దిక్సూచి. దీన్నొక్కదాన్ని పట్టుకెళ్తే చాలు."

మామా కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయనకు నవ్వాగలేదు. దుకాణదారు తెల్లబోయాడు.

ఇంకో అమ్మాయైతే ఈ గొడవంతా ఎందుకని చిన్న చాకుతో సరిపెట్టుకునేదేమో. ఆమె పెద్ద కత్తులే తీయించింది. ముళ్ళపొదలు అలాగే ఉన్నాయి కదా. ఒక్కొక్కటీ చేతబట్టి, గాలిలో కొట్టి చూసి, పాతదానికన్నా కాస్త పొట్టిది, పిడి గరుకైనది తీసుకుంది. ఒర కొసన కన్నానికి కట్టి ఉన్న తొడతాడును పీకేసింది. నడుము బెల్టు బదులు భుజానికి వేలాడే పట్టీ, ఒక్క నొక్కుకే ఊడిపోయే క్లిప్పుతో అడిగింది. కళ్ళు మూసుకుని ఎడమచేత్తో ఊడదీసి, మళ్ళీ తగిలించి, కుడిచేత్తో ఊడదీసింది.

మామగారు కత్తి తీసుకుని బరువు చూశారు. అంచుమీద బొటనవేలు అడ్డంగా ఆనించారు. ఏదో అనబోయి, పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చేశారు. ఆ ఒక్క మాట ఆపుకోవడానికి ఆయన ఎంత కష్టపడ్డారో ఆమెకు తెలుస్తూనే ఉంది.

వీధిలో కొంతదూరం నడిచాక ఇక ఉండబట్టలేక ఆగిపోయారు. "అంచు బాగా మొద్దుగా ఉంది. నూరడం ఒక్కటీ నాకొదిలెయ్. ఇంకేమీ అడగను."

"రేపు పొద్దున కలిసి కూర్చుందాం మామయ్యా. ఎలా నూరాలో నాకూ నేర్పండి."

ఆయన తలూపి, బస్టాపు వైపు కాస్త జోరుగా నడవసాగారు.