బడికి దగ్గర ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దె ఇల్లు వెతికి చూడు అని మాత్రం అనలేదు, వాళ్ళకి ఆ బాధ తెలియదు కాబోలు. కరెంటు మేస్త్రి సంగతి తీసుకుంటే, ఇల్లు కట్టే యోగం ఎలాగూ లేదు, చేసుకున్న పెళ్ళి బెడిసికొట్టింది, ఇప్పుడు అద్దె ఇంటి కోసం కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నాడు. అదీ తను ఉండబోయే ఇల్లు కాదు.

ఉండబోయేది అతని భార్యా, కూతురూ. మొగుడూ పెళ్ళాలు వేరుగా ఉండబట్టి ఏడాది దాటింది. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, ఒకే కప్పు కింద ఉంచితే మాత్రం ఉప్పూ నిప్పూ. ఆమె ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది, ఇప్పుడు పెద్ద ఊరికి బదిలీ అయింది. పిల్ల తల్లితోనే వెళ్ళాలన్నారు ఇద్దరూ. వాళ్ళు గొడవ పడకుండా ఒప్పుకున్న విషయం బహుశా అదొక్కటే. అతను వెళ్ళలేడు. ఉన్న ఊళ్ళో ఎవరింట్లో కరెంటు పోయినా ముందు అతనికే కబురు వస్తుంది, కొత్త ఊళ్ళో పిలిచేవాళ్ళెవరు?

పిల్లని ఇంటిల్లిపాదీ పిచ్చుక అంటారు. ఎనిమిదేళ్ళు. పేరుకి పిచ్చుకే గానీ కిచకిచలు తక్కువ, మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోతుంది. పాత బళ్ళో పిల్లలు వెక్కిరించారు, టీచర్లు విసుక్కున్నారు, చివరికి అది బడిలో నోరు తెరవడమే మానేసింది. అందుకే తల్లికి ఇల్లు ఎలా ఉన్నా పరవాలేదు, చుట్టుపక్కల మంచి బడి ఉండాలి. తండ్రికీ అదే కావాలి. దాంతోపాటు ఇంకొకటి కూడా కావాలి, అది పైకి అనలేదు. సాయంత్రం పని ముగించుకుని రైలెక్కితే, పిల్ల పడుకునేలోగా ఒకసారి చూసి రాగలగాలి.

అతను మాత్రం పిల్ల మీద ఒక్కనాడూ విసుక్కోలేదు. అది మొదటి అక్షరం దగ్గర ఆగగానే మిగతాది తనే అందించేవాడు. నీళ్ళంటే నీళ్ళు, నిద్రంటే నిద్ర. కూతురి మనసులో ఏముందో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని అతని ధీమా.

ఆ రోజు ముగ్గురూ కలిసి పెద్ద ఊరు వచ్చారు. పొద్దున చూసిన ఇల్లు స్టేషను పక్కనే. రైలు దిగి వీధి మలుపు తిరిగితే గుమ్మం. బడి కూడా పక్కనే ఉంది, పెద్ద మేడ, చిన్న ఆటస్థలం. ఆఫీసులో ఒకావిడ తల ఎత్తకుండానే, "పాప పేరేంటి?" అంది. పిచ్చుక పెదవులు కదిపేలోగా అతను పేరు చెప్పేశాడు. ఆవిడ రాసుకుంది, పని అయిపోయింది. ఎంత సులువుగా జరిగిపోయిందో అని అతను సంతోషించాడు కూడా.

ఇంట్లో వంటగది స్విచ్ బోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. లోపల తీగలు పాతబడి తొక్క లేచిపోయి ఉంటాయని అతనికి తెలుసు.

"ఇదిగో, వైరింగ్ ఎలా ఉంది?" అని అడిగింది ఆమె. ఏమండీ అని పిలవడం మానేసింది, పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు, ఇప్పుడు అతను 'ఇదిగో' అయ్యాడు.

"బానే ఉంది" అన్నాడు. తర్వాత తనే వచ్చి మార్చేద్దామనుకున్నాడు. ఆ వంకతో నాలుగుసార్లు ఎక్కువ రావచ్చు. మనిషికి ఆశ పుడితే బుద్ధి గడ్డి తింటుంది.

మధ్యాహ్నం చూసింది ఊరికి ఆ చివర ఉన్న పేట. స్టేషను నుంచి రెండు బస్సులు మారాలి. వీధులు వెడల్పుగా, నీడగా ఉన్నాయి. గేట్ల దగ్గర పిల్లల సైకిళ్ళు తాళాలు లేకుండా పడి ఉన్నాయి. అది చూసి ఆమె మొహం విప్పారింది, అతని గుండె జారింది.

అక్కడి బడిలో టీచరు ఒక నడివయసు మనిషి. పిల్లలు కూర్చునే చిన్న కుర్చీలో తనూ సర్దుకుని కూర్చుని, "నీకేం చేయడం ఇష్టం, బంగారం?" అని అడిగింది.

"నా... నా..."

"నాకు బొమ్మలెయ్యడం ఇష్టం అంటుందండీ" అన్నాడు అతను.

టీచరు నవ్వింది. "నాన్నగారూ, నేను పాపనండీ అడిగింది. మాకేం తొందర లేదు."

చెంప మీద కొట్టినా అంత సిగ్గు కలిగేది కాదేమో. భార్య కిటికీ వైపు చూసింది. టీచరు కళ్ళు పిల్ల మొహం మీదే ఉన్నాయి. సాయం చేయకుండా ఊరుకోవడం అంత కష్టమని అతనికి అంతవరకూ తెలియదు.

"నాకు... ని... ని... నిచ్చెన పట్టుకోవడం ఇష్టం" అంది పిచ్చుక. "నాన్న పై... పైకెక్కితే, కింద నేనే ప... పట్టుకుంటా."

సెలవు రోజుల్లో పనికి తీసుకెళ్ళినప్పుడు పిల్లకి విసుగొస్తుందని రంగు పెన్సిళ్ళు కొనిచ్చి, "బొమ్మలేసుకోమ్మా" అనేవాడు. అది కాసేపు గీసి వచ్చి నిచ్చెన పట్టుకునేది. బొమ్మలంటే దానికి ప్రాణమని అందరికీ చెప్పుకు తిరిగాడు. ఇన్నేళ్ళూ కూతురి మాటలంటూ తను వినిపించినవాటిలో ఎన్ని దానివి, ఎన్ని తనవి? అతనికి ఏడుపొచ్చింది. దానికి ఇష్టమైన పని తన దగ్గరే ఉంది, అది నోరు విప్పే చోటు మాత్రం తనకి అందనంత దూరంలో ఉంది.

బడి వెనక వీధిలోనే ఇల్లు. మెయిన్ బాక్సు తెరిచాడు, ప్రతి గదిలో టెస్టరు పెట్టి చూశాడు. ఎక్కడైనా ఒక లోపం దొరుకుతుందేమోనని, జీవితంలో మొదటిసారి, కోరుకుంటూ వెతికాడు. తీగ తీగా కొత్తది. పని చేసినవాడెవడో గానీ ముచ్చటగా చేశాడు.

"ఇదిగో, ఎలా ఉంది?"

ఎర్తింగ్ లేదు అంటే చాలు. ఆమె నమ్ముతుంది. మొగుడిగా అతన్ని నమ్మడం మానేసింది గానీ, కరెంటు విషయంలో అతని మాట ఆమెకి వేదం.

"బాగుంది, ఇదే తీసుకో" అన్నాడు. "పొద్దున చూసిందాంట్లో బోర్డు వేడెక్కుతోంది. అప్పుడే చెప్పాల్సింది."

ఎందుకు చెప్పలేదని ఆమె అడగలేదు. "మీకు చాలా దూరమవుతుంది కదండీ" అంది. చాలా కాలానికి వచ్చిన ఆ 'అండీ' ఇద్దరికీ వినిపించింది, ఇద్దరూ విననట్టే ఊరుకున్నారు.

"దూరమైతే నాకేగా" అన్నాడు.

ఆమె ఇంటివాళ్ళతో అద్దె సంగతి మాట్లాడుతూ ఉండిపోయింది. తల్లీకూతుళ్ళకి ఆ రాత్రి ఊళ్ళోనే బస, అతను మాత్రం చివరి రైలు అందుకోవాలి. సాగనంపడానికి పిచ్చుక వీధి చివర బస్‌స్టాపు దాకా వచ్చింది. బస్సు మలుపు తిరుగుతూ కనిపించింది.

"నాన్నా, నువ్వు రో... రో..."

రోజూ వస్తావా అని అడగబోతోంది. మాట అతని నాలుక చివరికి వచ్చేసింది, దానికి జవాబు కూడా సిద్ధంగా ఉంది. వస్తాను తల్లీ, రాకేం. పచ్చి అబద్ధం, అయినా ఇద్దరికీ ఈ పూట గడుస్తుంది.

పళ్ళు బిగబట్టి ఊరుకున్నాడు. బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు ఎక్కుతావా లేదా అన్నట్టు చూశాడు. అతను తల అడ్డంగా ఊపాడు. బస్సు వెళ్ళిపోయింది.

"రో... రోజూ రాలేవని నాకు తె... తెలుసు నాన్నా" అంది పిచ్చుక. "అమ్మ చెప్పలేదు. ఇందాక వచ్చేటప్పుడు బస్సులో కూ... కూర్చుని నేనే అనుకున్నా."

అతను ఏదో అనబోయాడు. పెదవులు కదిలాయి, మాట మాత్రం బయటికి రాలేదు. పిల్ల తొందరపెట్టలేదు. అతని చెయ్యి పట్టుకుని, మొహంలోకి చూస్తూ, అతను చెప్పేదాకా అక్కడే నిలబడింది.