కళ్లు మూసుకున్న ఆదివారం

అంట్లు తోమేటప్పుడు నా కూతురితో మాట్లాడలేను. రెండు చేతులూ సబ్బు నురగలో ఉంటాయి. పిండి పిసికేటప్పుడు, బట్టలు జాడించేటప్పుడు, అత్తకు కాళ్లు పట్టేటప్పుడు కూడా అంతే. ఏడేళ్ల ప్రేమజ్యోతికి పుట్టు చెవుడు. దానికి నా నోరు పనికిరాదు, చేతులు కావాలి. ఆ చేతులు పొద్దస్తమానం ఇంటి పనికే సరిపోతాయి.

కడపలోని చెవిటి పిల్లల బడిలో శిల్ప టీచరు ముందు సైగల భాష నేర్పి, దాని ద్వారా తెలుగు చదవడం, రాయడం నేర్పుతుంది. చూడ్డానికి పోయినరోజే బిడ్డను చేర్చుకుంటానంది. అయితే శనివారం శనివారం తల్లి కూడా వచ్చి నేర్చుకోవాలట. నా భర్త జయకుమార్ ఒప్పుకోలేదు. చేతులాడించడం మరిగితే ఇక నోరు తెరవదని, నలుగురూ మూగపిల్ల అంటారని ఆయన భయం. చెడ్డవాడు కాదు. దాని నోట ఒక్కసారి 'నాన్న' అనిపించాలని రోజూ ఎదురుగా కూర్చోబెట్టుకుని గొంతు పోయేదాకా అరుస్తాడు. అత్త విశ్వాసమ్మ మాత్రం, శనివారం నువ్వు పోతే వంటెవరు చేస్తారని అడిగింది. బిడ్డను బడిలో చేర్చలేదు.

మొన్న ఆదివారం చర్చిలో ప్రేమజ్యోతి ముందర పిల్లల చాప మీద ఉంది. అందరం కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నాం. మధ్యలో పాస్టరు, ఈ పసిబిడ్డ చేతులెత్తి దేవుణ్ని స్తుతిస్తోంది చూడండన్నాడు. సంఘమంతా స్తోత్రం అంది. నేనూ కళ్లు తెరవకుండానే అన్నాను. నా బిడ్డ గురించేనని పొంగిపోయాను. ఆమెన్ చెప్పి చూస్తే దాని గౌను తడిసింది, చాప తడిసింది. ఏడవకుండా నన్నే చూస్తోంది.

తనవైపు చూడమనడానికి చేతులెత్తి ఆడించడం కడప బడి చూడ్డానికి పోయినరోజు అక్కడి పిల్లల దగ్గర చూసి నేర్చుకుంది. సైగ చేయాలంటే ముందు ఎవరైనా చూడాలి కదా.

దారిలో అత్త, "ఒంటికి పోవాలని అడిగేది గూడా నేర్పలేదే నువ్వు" అంది.

"అడిగింది అత్తా. మనమే కండ్లు మూసుకోని ఉండినాం."

శనివారం పొద్దున స్టవ్ వెలిగించలేదు. బిడ్డకు జడ వేసి, చెప్పులు తొడిగాను. జయకుమార్ వాకిట్లో అడ్డంగా నిలబడి, యాడికని అడిగాడు.

"కడపకు. మాటలు నేర్చుకునేదానికి పోతాండా."

"చేతులాడిస్తే మాటలొస్తాయా దానికి?"

"దానికి ఎప్పుడో వచ్చినాయి. రానిది మనకే. ఈ పొద్దు నేను పోతాండా, వచ్చే వారం నువ్వు రా."